రేడియేటర్‌ని ఛాసిస్‌కి వెల్డింగ్ పెట్టొచ్చా? పాత ఫార్గో లారీ బ్రేకులు ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఒకసారి క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కాబట్టి. మీ తాతగారి ఫార్గో లారీ, 1960ల నాటిది, పెర్కిన్స్ డీజిల్ ఇంజిన్. ఆనందపురం దగ్గర తోటలో రేకుల షెడ్డు కింద ఉండేది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకి రేకులు ఎగిరిపోయాక ఎండకీ వానకీ అలాగే నిలబడిపోయింది. ఇప్పుడు మీరు ఇంజిన్ స్టార్ట్ చేయించారు. కానీ రేడియేటర్ కింద పట్టీలని తుప్పు తినేసింది, రేడియేటర్ బైండింగ్ వైరు మీద వేలాడుతోంది. బ్రేక్ పెడల్ తొక్కితే నేలకి తగులుతోంది, వెనక చక్రాలు మాత్రం పట్టేసి తిరగడం లేదు. ఊళ్లో వెల్డర్ రేడియేటర్‌ని తిన్నగా ఛాసిస్‌కి (బండి అడుగు చట్రానికి) వెల్డింగ్ పెట్టేస్తానన్నాడు. మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే చక్రాలకి బ్రేక్ ఆయిల్ నెట్టే సిలిండర్) కొత్త రబ్బరు కిట్టు వేసి ఆయిల్ పోస్తే బ్రేకులకి సరిపోతుందా, రెండింటిలో ముందు ఏది చేయించాలి అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. రేడియేటర్‌కి వెల్డింగ్ వద్దు. బోల్టులతో గట్టిగా బిగించడం కూడా వద్దు. అది రబ్బరు మీద కూర్చోవాలి. బ్రేకులకి ఒక్క కిట్టు సరిపోదు, మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు డ్రమ్ముల (చక్రాలతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు, బ్రేకు పడేది వీటి మీదే) దాకా మొత్తం విప్పాల్సిందే. ముందు బ్రేకులు, తర్వాత ఇంజిన్ మౌంటింగులు, ఆఖరున రేడియేటర్.

నేను విశాఖలో గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు దాటి లారీల పని చేస్తున్నాను. నాకు పని నేర్పిన గురువుగారు డాడ్జి, ఫార్గో బళ్లు రోజూ విప్పి కట్టిన మనిషి. ఆయన దగ్గర చూసినవి, తర్వాత నా చేతిమీదుగా అయినవి కలిపి రాస్తున్నాను.

ఈ బండికీ మన ఊరికీ ఒక చుట్టరికం కూడా ఉంది. 1941లో విశాఖలో ఓడల కర్మాగారం పెట్టిన సింధియా కంపెనీ వాల్‌చంద్ హీరాచంద్ గారిది. ఆయనే 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. అమెరికా క్రైస్లర్ కంపెనీ ఒప్పందం మీద డాడ్జి, ఫార్గో లారీలు ఆ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. ఆ రెండూ పేరు తేడా తప్ప దాదాపు ఒకే బండి. అందుకని సామాను వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ అడగండి. ఫార్గో అంటే లేదన్న కొట్లోనే డాడ్జి అంటే అటక మీంచి దింపి ఇచ్చిన సందర్భాలు నాకున్నాయి.

ముందు బ్రేకులే ఎందుకంటే

ఇంజిన్ స్టార్ట్ అయిందంటే ఎవరికైనా ఒక్క గజం కదిపి చూద్దామనిపిస్తుంది. వెనక చక్రాలు పట్టేసి ఉన్నాయి కాబట్టి ఇన్నాళ్లూ మీ బండి కదల్లేదు. అవి వదిలిన క్షణం నుంచి అది బ్రేకుల్లేని నాలుగు టన్నుల ఇనుము. ఆ కాలపు లారీల్లో బ్రేకులకి ఒకటే లైను. ఎక్కడ ఒక్క పైపు చిల్లుపడినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. అందుకని ఈ రోజే చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు వేయించండి. పని అయ్యేదాకా తీయకండి.

రెండో కారణం చాలామందికి తట్టదు. రేడియేటర్‌కీ బ్రేకులకీ మధ్య సంబంధం ఉంది. బ్రేకు గట్టిగా పడినప్పుడు బండి ఆగుతుంది గానీ ఇంజిన్ తన రబ్బరు మౌంటింగుల మీద ముందుకి తూలుతుంది. దాని ముందు ఫ్యాను, ఫ్యాను ముందు రేడియేటర్. మౌంటింగులు మెత్తబడిపోయి ఉంటే ఫ్యాను రెక్కలు వెళ్లి రేడియేటర్‌ని కోస్తాయి. ఒక పాత లారీకి ఓనరు గారు బ్రేకులన్నీ కొత్తగా చేయించుకుని, ఇంజిన్ మౌంటింగుల జోలికి పోలేదు. అంతకుముందు బ్రేకులు సరిగా పడేవి కావు కాబట్టి ఆ లోపం బయటపడలేదు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర ఆటో అడ్డం వస్తే బ్రేకు కొట్టాడు డ్రైవరు. బండి బ్రహ్మాండంగా ఆగింది. రేడియేటర్ మీద మాత్రం గుండ్రంగా, కొడవలితో గీసినట్టు కోత పడింది. వేడి నీళ్లన్నీ రోడ్డు మీదే. కాబట్టి వరస తప్పకండి. బ్రేకులు బాగుపడ్డాకే ఇంజిన్ ఎంత ముందుకి కదులుతుందో తెలుస్తుంది, అది తెలిశాకే రేడియేటర్ ఎక్కడ కూర్చోవాలో కొలతకి వస్తుంది.

పట్టేసిన చక్రాలు

చక్రాల నట్లు విప్పే ముందు ఒక మాట. క్రైస్లర్ జాతి బళ్లకి ఎడమ వైపు చక్రాల నట్లు సాధారణంగా ఉల్టా త్రెడ్, అంటే కుడివైపు తిప్పితే వదులవుతాయి. స్టడ్డు చివర ఎల్ అక్షరం ఉందేమో తుడిచి చూడండి. తెలియక నాలుగడుగుల గొట్టం తగిలించి స్టడ్డులు తెంపేసిన వాళ్లని చూశాను. ఇంకొకటి, లాక్ రింగు (టైరుని రిమ్ము మీద పట్టి ఉంచే ఇనుప వలయం) ఉన్న చక్రమైతే టైర్లో గాలి పూర్తిగా తీసేశాకే ముట్టుకోండి. తుప్పు పట్టిన రింగు గాలి ఒత్తిడితో ఎగిరితే మనిషి ప్రాణమే పోతుంది.

చక్రం ఎందుకు పట్టేసిందో కనుక్కోవడానికి సులువైన పద్ధతి ఉంది. వెనక చక్రం జాకీ మీద లేపి, బ్లీడింగ్ నిపిల్ (బ్రేకు పైపుల్లోని గాలి తీసే చిన్న మర) వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే లోపల ఒత్తిడి నిలిచిపోయిందన్నమాట. దానికి కారణం లోపల ఉబ్బిపోయిన రబ్బరు హోసు కావచ్చు, మాస్టర్ సిలిండర్ కావచ్చు. నిపిల్ విప్పినా వదల్లేదంటే షూ (డ్రమ్ముని లోపలినుంచి ఒరుసుకుని ఆపే వంపు ముక్క) డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుంది. పన్నెండేళ్ల వానకి నిలబడ్డ బండి కాబట్టి మీది ఈ రెండో రకమే అని నా అంచనా. హ్యాండ్ బ్రేకు వదిలి, అడ్జస్టర్ (షూకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ సరిచేసేది) పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము అంచు చుట్టూ చెక్క మీద సుత్తితో తట్టుకుంటూ రండి. సాయంత్రం తుప్పు వదిలే ఆయిల్ పోసి పొద్దున మళ్లీ తట్టండి. రెండు మూడు రోజులు పట్టినా పర్వాలేదు. గ్యాస్ మంట పెట్టించకండి, పోత ఇనుప డ్రమ్ము చిట్లుతుంది.

డ్రమ్ము ఊడాక లోపలి దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదకండి. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను. ఆ కాలపు లైనింగుల్లో (షూ మీద ఉండే రాపిడి పట్టీల్లో) ఊపిరితిత్తులని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండేది. మా తరం మెకానిక్కులం తెలియక ఏళ్ల తరబడి పీల్చాం. నీళ్లు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవరులో మూటగట్టి పారేయండి. ముక్కుకి మంచి మాస్కు ఉండాలి. కొత్త లైనింగులు కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనివే అడగండి.

డ్రమ్ముని తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి చూడండి. బాగున్న డ్రమ్ము గుడి గంటలా మోగుతుంది. చిట్లినది పగిలిన కుండలా పలుకుతుంది. మోగినదాన్ని లేత్ మీద ఎక్కించి, గుండ్రం తప్పినంత మేర మాత్రమే తీయించండి. అంచు మీద గరిష్ఠ సైజు పోత పోసి ఉంటే అది దాటనివ్వద్దు. పలచబడ్డ డ్రమ్ము ఘాట్‌లో వేడెక్కి సాగుతుంది, పెడల్ కిందికి పోతుంది.

వెనక లైనింగుల మీద గేర్ ఆయిల్ కారిన మచ్చలుంటే, పెట్రోలు పోసి కాల్చి మళ్లీ వేసేద్దాం అంటారు మన షెడ్లలో. ఒప్పుకోకండి. ఆయిల్ లైనింగు లోపలికంటా ఇంకుతుంది, పైన కాలినా వేడెక్కగానే మళ్లీ ఊరుతుంది. హబ్ ఆయిల్ సీలు మార్చి, లైనింగు కొత్తది రివిట్లు కొట్టించండి. రివిట్లు మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకి పోవాలి. చివరల నుంచి మొదలెడితే మధ్యలో గాలి నిలుస్తుంది, అక్కడ లైనింగు విరుగుతుంది.

హైడ్రాలిక్స్: ఇక్కడే అసలు పని

ముందు చిన్న పరీక్ష. మాస్టర్ సిలిండర్‌లో ఇప్పుడున్న ఆయిల్ ఒక చెంచా తీసి, గాజు గ్లాసులో నీళ్లలో పోయండి. అసలైన బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. పైకి తేలిందంటే ఎవరో ఇంజిన్ ఆయిలో హైడ్రాలిక్ ఆయిలో పోశారన్నమాట. అప్పుడు కప్పులు (సిలిండర్ల లోపలి రబ్బరు సీళ్లు), హోసులు, రబ్బరన్నది ఏదీ మిగుల్చుకోకూడదు. పైపులు స్పిరిట్‌తో కడగాలి.

అనకాపల్లి నుంచి బెల్లం లోడుతో వచ్చిన ఒక లారీని ఇలాగే తోసుకొచ్చారు. దారిలో ఆయిల్ తగ్గిందని ఎవరో సలహా ఇస్తే ఇంజిన్ ఆయిల్ పోశారు. విప్పితే అంగుళం కప్పు సిలిండర్‌లోంచి బయటికి రానంది. లాగి తీసి బల్ల మీద పెట్టి, పక్కన కొత్త కప్పు పెట్టి చూపించాను. పాతది తడిసిన పుట్టగొడుగులా ఉబ్బి, అంచు బయటికి విచ్చుకుని ఉంది. గోరుతో నొక్కితే జిగురులా అంటుకుంది. ఆ ఓనరు గారు ఆ రెండు కప్పులూ కవరులో వేసుకుని వెళ్లారు, డ్రైవర్లకి చూపించడానికి.

ఇప్పుడు మాస్టర్ సిలిండర్. బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి దాని మీద విప్పండి, ప్రతి స్ప్రింగు, వాషరు వచ్చిన వరసలోనే పెట్టుకుంటూ. ఇంతకాలం నిలబడ్డ బండిలో ఆయిల్ కాఫీ డికాషన్ రంగులో, అడుగున జిగురు ముద్దలా ఉంటుంది. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. మన సముద్రపు గాలిలో ఆ తేమ వేగంగా చేరుతుంది, ఆయిల్‌లోనే కలిసిపోయి లోపలి ఇనుముని తింటుంది. స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, లోపల గోడ మీద గోరు పెట్టి లాగండి. గోరు ఎక్కడ తట్టుకున్నా కొత్త కిట్టు అక్కడ దెబ్బతింటుంది. మీ ప్రశ్నకి సమాధానం ఇక్కడే ఉంది. కిట్టు అంటే రబ్బరు మాత్రమే. గుంతలు పడ్డ గోడ మీద కొత్త రబ్బరు పదిహేను రోజులు పట్టుకుంటుంది, పదహారో రోజు వదిలేస్తుంది.

సన్నని మరకలైతే హోనింగ్‌తో (లోపలి గోడని రాపిడి రాళ్లతో నునుపు చేయడం) పోతాయి. గుంతలుంటే స్టీలు స్లీవ్ గానీ ఇత్తడి స్లీవ్ (లోపల బిగించే కొత్త గొట్టం) గానీ వేయించాలి. లేత్ మేస్త్రీకి అలవాటున్న పనే. కానీ దగ్గరుండి చూసుకోవాల్సిన చోటు ఒకటుంది. మాస్టర్ సిలిండర్ గోడలో ఆయిల్ తొట్టెలోకి రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది, ఒకటి సూది దూరేంత సన్నది. పెడల్ వదిలినప్పుడు ఒత్తిడి తిరిగి తొట్టెలోకి పోయేది ఆ సన్న రంధ్రం గుండానే. స్లీవ్ వేశాక ఆ రంధ్రం మళ్లీ వేయాలి, లోపలి అంచున ముల్లు లేకుండా నునుపు చేయాలి.

ఇందులో నా పొరపాటు ఒకటి చెబుతాను. పదిహేనేళ్ల కిందట ఒక బండికి స్లీవ్ వేయించి తెచ్చాం. రంధ్రం ఉంది, చూశాను. కానీ అందులో రాపిడి పేస్టు ఇరుక్కున్న సంగతి చూసుకోలేదు. పెడల్ రాయిలా ఉందని సంతోషపడి ట్రయల్‌కి పంపాను. పెందుర్తి దాటేసరికి బండి బరువెక్కింది, లాగడం లేదని డ్రైవరు ఫోన్ చేశాడు. నేను వెళ్లి డ్రమ్ము మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయింది. తొక్కిన ప్రతిసారీ చేరిన ఒత్తిడి తిరిగి వెళ్లక నాలుగు చక్రాలూ పట్టేశాయి. కొత్త లైనింగులు నాలుగు జతలూ మాడిపోయాయి, ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పటినుంచి ఏ మాస్టర్ సిలిండర్ బిగించినా తొట్టె మూత తీసి, పెడల్ చేత్తో కొద్దిగా నొక్కిస్తాను. ఆయిల్‌లో సన్నని బుగ్గ లేవాలి. లేస్తేనే మూత పెడతాను. పెడల్ కడ్డీకీ పిస్టన్‌కీ మధ్య కూడా ఒక మిల్లీమీటరో, ఒకటిన్నరో ఖాళీ ఉండాలి. లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, మళ్లీ అదే రంధ్రం మూసుకుంటుంది.

వీల్ సిలిండర్లకి (ప్రతి చక్రం దగ్గర షూలని నెట్టే చిన్న సిలిండర్లు) కూడా ఇదే పరీక్ష. సైజు అంగుళాల్లో ఉంటుంది, చాలావాటి మీద పోత పోసే ఉంటుంది. వెర్నియర్‌తో కొలిచి, ఆ సైజు కప్పే కొనండి. ఒక అంగుళం అంటే 25.4 మి.మీ. 25 మి.మీ. కప్పు పట్టినట్టే పడుతుంది గానీ అంచు దగ్గర ఆయిల్ జారుతుంది. ఫార్గో కిట్టు అని దొరక్కపోయినా సైజు ప్రకారం వెతికితే వేరే బండి కప్పు సరిపోవచ్చు. రబ్బరు సామానుని కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో స్పిరిట్‌తోనో తప్ప దేనితోనూ కడగకండి. డీజిల్, కిరోసిన్ తగిలిందంటే ఆ కప్పు పోయినట్టే.

పైపుల విషయంలో మన తీరప్రాంతం వేరు. పైకి రంగు బాగానే ఉంటుంది, క్లిప్పు కింద మాత్రం ఉప్పు తేమ నిలిచి పైపు పేపరులా పలచబడి ఉంటుంది. క్లిప్పులన్నీ తీసి చూడండి. నా సలహా, మొత్తం పైపులు కొత్తవి వేయించండి. ఫ్రిజ్‌కి వాడే మెత్తటి రాగి పైపు వేస్తామంటారు, వద్దు. అది అదురుకి గట్టిపడి ఫ్లేర్ (పైపు విచ్చదీసిన చివర) దగ్గర చిట్లుతుంది. బ్రేకులకని అమ్మే స్టీలు పైపు గానీ, రాగి నికెల్ కలిసిన పైపు గానీ తీసుకోండి. రెండోది ఖరీదు ఎక్కువే అయినా ఉప్పుకి తట్టుకుంటుంది, ఓడల్లో సముద్రపు నీటి పైపులకి వాడేది ఆ జాతి లోహమే. ఫ్లేర్ డబుల్‌గా మడత పెట్టించాలి. పాత పైపు ముక్క చివర చూపించి, అదే కోణంలో చేయమనండి. రబ్బరు హోసులు చూడ్డానికి ఎంత బాగున్నా మార్చేయండి.

మీరు పంపిన ఫోటోలో బండికి వ్యాక్యూమ్ బూస్టర్ (గాలి లాగుడు బలంతో బ్రేకుకి సాయం చేసేది) కనిపిస్తోంది. డీజిల్ ఇంజిన్‌కి వ్యాక్యూమ్ పెట్రోలు ఇంజిన్‌లా దానంతట అది రాదు, సాధారణంగా విడిగా పంపు ఉంటుంది. ఆ పంపు, దాని హోసు, వెనక్కి గాలి రాకుండా ఆపే వాల్వు చూసుకోవాలి. పరీక్ష సులువే. ఇంజిన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కి, ఆఖరిసారి అలాగే నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. వ్యాక్యూమ్ అందగానే పెడల్ కాలికింద కొంచెం దిగాలి. దిగకపోతే బూస్టర్ పని చేయడం లేదు. బయట ఎక్కడా లీకు లేకుండా ఆయిల్ తగ్గిపోతుంటే బూస్టర్ లోపలికి లాగుతోందని అనుమానించండి.

బ్రేక్ ఆయిల్ డాట్ 3 గానీ డాట్ 4 గానీ (డబ్బా మీద రాసి ఉండే రకం), సీలు తీయని డబ్బా. తేమ లేని డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టింది 140కే మరగొచ్చు. ఘాట్ దిగుతున్నప్పుడు ఆ తేడాయే బ్రేకు ఉండటానికీ పోవడానికీ తేడా. మన ఊళ్లో నేను ఏడాదికోసారి మార్చమంటాను. బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు ఇంజిన్ ఆపి ఉండాలి. ముందు బూస్టర్ దగ్గర, తర్వాత మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరపు చక్రం, అలా దగ్గరికి రండి. ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి.

ఇక రేడియేటర్

వెల్డింగ్ ఎందుకు వద్దో మీ కళ్లతోనే చూడొచ్చు. బ్రేకుల పని అయ్యాక, చదును నేల మీద ముందు చక్రం ఒక్కటే ఆరంగుళాల చెక్క దిమ్మ ఎక్కించండి. ఎక్కించక ముందూ తర్వాతా రేడియేటర్ పై మూలకీ బానెట్ పట్టీకీ మధ్య దూరం టేపుతో కొలవండి. ఛాసిస్ మెలితిరుగుతుంది, కొలత మారుతుంది. అది లోపం కాదు, నిచ్చెన ఛాసిస్ అలా మెలితిరగాలనే చేశారు. రేడియేటర్ మాత్రం పలచటి ఇత్తడి ట్యాంకులు, సన్నని గొట్టాలు, సీసం తగరం టంకంతో అతికిన పెట్టె. దాన్ని ఛాసిస్‌కి గట్టిగా కట్టేస్తే ఆ మెలి అంతా టంకం అతుకుల మీద పడుతుంది. అనంతగిరి ఘాట్ మీద తిరిగే ఒక బండికి పై ట్యాంకు అతుకు మూడుసార్లు ఊడితే మూడుసార్లూ టంకం పెట్టించుకున్నారు. నా దగ్గరికి వచ్చాక చూస్తే కింద రబ్బరుల స్థానంలో ఇనుప వాషర్లున్నాయి. రబ్బరులు వేశాం. ఆ అతుకు మళ్లీ ఊడలేదు.

మూడు చోట్ల పట్టు ఉంటే చాలు. కింద రెండు పాదాలు, పైన ట్యాంకు నుంచి క్యాబిన్ గోడకి పోయే కడ్డీ. (కొన్నింటికి రెండు కడ్డీలుంటాయి, అయినా సూత్రం అదే.)

రేడియేటర్ దింపాక పాత పట్టీలు ఎంత చితికినా పారేయకండి, అట్ట మీద వాటి ఆకారం గీసుకోండి. రంధ్రాల మధ్య దూరం రాసుకోండి. క్రాస్ మెంబర్‌ని (రేడియేటర్ కూర్చునే ఛాసిస్ అడ్డ పట్టీని) సుత్తి మొనతో పొడిచి చూడండి. పెళుసుగా రాలిన చోట మంచి ఇనుము తగిలేదాకా కోసి, అంతే మందం రేకు వేయించండి. తుప్పు మీద రేకు అతికించడం కాదు. వెల్డింగ్ అంతా రేడియేటర్ బండి మీద లేనప్పుడే, బ్యాటరీ తీసేశాకే. మీ వెల్డర్ చేతికి పని ఇక్కడుంది, ఆయన్ని వదులుకోకండి.

ఒక్కో పాదం దగ్గర వరస ఇది: పైన రేడియేటర్ పట్టీ, దాని కింద రబ్బరు, క్రాస్ మెంబర్, దాని కింద ఇంకో రబ్బరు, పెద్ద వాషరు, క్యాసిల్ నట్టు (పిన్ను దూరే గాట్లున్న నట్టు), స్ప్లిట్ పిన్ను. బోల్టు చుట్టూ ఇనుప గొట్టం ముక్క ఒకటి ఉండాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. లెక్క చెబుతాను. రబ్బరులు 12 మి.మీ. చొప్పున రెండు, క్రాస్ మెంబర్ రేకు 5 మి.మీ. అనుకుంటే మొత్తం 29. గొట్టం ముక్క 27 కోయించండి. నట్టు ఎంత బిగించినా ఒక్కో రబ్బరు ఒక మిల్లీమీటరే నలుగుతుంది, బోల్టు గట్టిగానే ఉంటుంది, రేడియేటర్ మెత్తగానే కూర్చుంటుంది. క్రాస్ మెంబర్ రంధ్రం ఆ గొట్టం కంటే కొంచెం పెద్దదిగా ఉండాలి, ఇనుముకి ఇనుము తగలకూడదు.

రబ్బరుకి మన దగ్గర కన్వేయర్ బెల్టు ముక్కలు వాడతారు, పాత ఇనుం కొట్లలో దొరుకుతాయి. నేనూ వాడాను. గుడ్డ పొరలు ఎక్కువున్నది చెక్కలా ఉంటుంది, అది వద్దు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లొంగేది తీసుకోండి. క్యాబిన్ మౌంటింగ్ బుష్‌లు దొరికితే ఇంకా మంచిది. ట్యూబు రబ్బరు మడతపెట్టి పెట్టకండి, రెండు నెలల్లో పిండైపోతుంది.

పై కడ్డీ రేడియేటర్‌ని నిటారుగా నిలబెట్టడానికి మాత్రమే, లాగి పట్టడానికి కాదు. పాదాల మీద రేడియేటర్ దానంతట అది నిలబడ్డ చోటే కడ్డీ నట్లు చేత్తో ఆనించి, అక్కడ లాక్ నట్టు వేయండి. తర్వాత ఫ్యాను చేత్తో తిప్పుతూ ప్రతి రెక్కకీ రేడియేటర్ కోర్‌కీ (మధ్యలోని గొట్టాల భాగానికి) దూరం చూడండి. 20 నుంచి 25 మి.మీ. ఉంటే నాకు ధైర్యం. ఒక రెక్క దగ్గర తక్కువైతే రెక్క వంగి ఉంటుంది, దాన్ని సుత్తితో సరిచేయకుండా ఫ్యానే మార్చండి. ఒకరు ఇంజిన్‌ని గడ్డపారతో ముందుకి ఎత్తిపట్టి ఉంచితే ఆ దూరం ఎంత తగ్గుతుందో కూడా చూడండి. సగానికి పైగా తగ్గితే మౌంటింగులు మార్చకుండా బండి బయటికి తీయకండి.

రేడియేటర్ మూత గురించి ఒక్క మాట. పాత బళ్లకి ఒత్తిడి లేని మూతలో, 4 లేక 7 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మూతలో ఉండేవి. దొరకలేదని ఇప్పటి కార్ల 13, 15 పీఎస్‌ఐ మూత బిగిస్తే పాత టంకం విచ్చుకుంటుంది. నీళ్లు బోరువి వద్దు, తీరం దగ్గర బోర్లలో ఉప్పు ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్‌లో, రాగి ఇత్తడి రేడియేటర్‌కి పనికొచ్చే కూలెంట్ కలిపి పోయండి.

మొదటిసారి కదిపేటప్పుడు

ముందు నిలబడి ఉన్నప్పుడే పెడల్ బలమంతా పెట్టి ఒక నిమిషం తొక్కి పట్టండి. పెడల్ మెల్లగా దిగిందంటే ఎక్కడో జారుతోంది, బండి కదపకండి. నిలబడితే తోటలోనే, నడక వేగంలో, హ్యాండ్ బ్రేకు మీద పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని. తర్వాత ఖాళీ మైదానంలో. సింహాచలం కొండ మీదో బీచ్ రోడ్డు వాలులోనో ట్రయల్ వేద్దామని ఎవరన్నా అంటే వినకండి, అక్కడ జనం ఉంటారు. రోడ్డెక్కే ముందు కాగితాల సంగతి కూడా రవాణా శాఖలో తేల్చుకోండి. 2021లో వచ్చిన వింటేజ్ రూల్ 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బళ్లకి, సరుకు లారీగా రిజిస్టరైన బండికి అది వర్తిస్తుందో లేదో వాళ్లతోనే రాతపూర్వకంగా చెప్పించుకోండి.

యాభై కిలోమీటర్లు తిరిగాక ఆపి, నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా అంగుళం దూరంలో. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ షూ తగులుతోంది. కొత్త లైనింగులు కూర్చుంటాయి కాబట్టి అడ్జస్టర్లు మళ్లీ బిగించాలి. చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వదలాలి. రేడియేటర్ పాదాల స్ప్లిట్ పిన్నులు, చక్రాల నట్లు కూడా అప్పుడే చూసుకోండి.

డ్రమ్ములు ఊడాక లోపలి ఫోటోలు, మాస్టర్ సిలిండర్ లోపలి గోడ ఫోటో, వీల్ సిలిండర్ల మీద ఉన్న సైజు రాసి పెట్టండి. ఏ కప్పు సరిపోతుందో చూసి చెబుతాను.